ఆపదలో పిలుపు, ఆవలి నుంచి జవాబు

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిపోయిన మరునాడు మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు పేపరు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పైలట్ చివరి క్షణాల్లో ‘మేడే’ అని పిలిచినట్టు అందులో రాశారు. “మేడే అంటే మే ఒకటో తారీఖు కదా తాతయ్యా, కార్మికుల పండగ. ఆ పేరు పెట్టి ఎందుకు పిలిచారు?” అని అడిగాడు. నేను 1983 నుంచి పదహారేళ్ళపాటు వర్తక నౌకల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసినవాణ్ణని వాడికి తెలుసు. ఆ పూట అరగంట సేపు నాకు తోచినంత వాడికి చెప్పి పంపాను గాని, చెప్పకుండా మిగిలిపోయినది ఎక్కువగా ఉందని ఇన్నాళ్ళూ అనిపిస్తూనే ఉంది. నెల తర్వాత వెలువడిన ప్రాథమిక దర్యాప్తు నివేదికలో, ఆ పిలుపు వినగానే కంట్రోల్ టవర్‌లోని అధికారి తిరిగి పలకరించారనీ, విమానం నుంచి మాత్రం సమాధానం రాలేదనీ చదివాను. పిలిచినవాడి గురించే కాక, విని బదులు పలికినవాడి గురించి కూడా రాయాలని అప్పుడే అనుకున్నాను.

‘మేడే’కూ మే నెలకూ ఏ సంబంధమూ లేదు. 1920ల తొలినాళ్ళలో లండన్ శివార్లలోని క్రోయ్‌డన్ విమానాశ్రయంలో ఫ్రెడరిక్ స్టాన్లీ మాక్‌ఫర్డ్ అనే సీనియర్ రేడియో అధికారి ఉండేవారు. విమానాల్లో అప్పుడప్పుడే మాట వినిపించే రేడియోలు వస్తున్నాయి. ప్రమాదంలో ఉన్న పైలట్ ఏ మాట అంటే వెంటనే తెలిసిపోతుందో ఆలోచించి చెప్పమని ఆయనను కోరారు. అక్కడి విమానాలు ఎక్కువగా పారిస్ దగ్గరి లె బూర్జే విమానాశ్రయానికే వెళ్ళి వస్తుండేవి కాబట్టి, ఇంగ్లీషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ ఒకేలా వినిపించే మాటను ఆయన వెతికారు. ‘నాకు సాయం చెయ్యండి’ అనే అర్థంలో ఫ్రెంచివాళ్ళు అనే మాటకు ఇంగ్లీషు నోట పలికే రూపమే ఈ ‘మేడే’. 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం దీన్ని అధికారికంగా స్వీకరించింది. దీన్ని మూడుసార్లు వరసగా పలకడానికి కారణం ఉంది. రేడియోలో గరగరల మధ్య ఒకసారి అన్న మాట మరో మాటలా వినపడవచ్చు. పైగా ‘ఫలానా ఓడ మేడే పంపింది’ అని ఇతరులు చెప్పుకొనే మాటకూ, అసలు ఆపదలో ఉన్నవాడి పిలుపుకూ తేడా తెలియాలి.

అంతకు ముందునుంచే ఉన్న ఎస్‌ఓఎస్ అనే ఆపద సంకేతం గురించి మనలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ‘మా ఆత్మలను రక్షించండి’ అనే ఇంగ్లీషు వాక్యానికి అది పొట్టి రూపమని నేను కూడా శిక్షణకు వెళ్ళేదాకా నమ్మాను. నిజానికి అవి ఏ మాటకూ మొదటి అక్షరాలు కావు. మోర్స్ అనే సంకేత లిపిలో పొట్టి మోతను చుక్క అనీ, పొడుగు మోతను గీత అనీ అంటాం. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు ఎక్కడా విరామం లేకుండా ఒకే దండగా కొడితే వచ్చే ధ్వని మరే సంకేతంతోనూ కలవదు కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. జర్మనీ 1905లో దాన్ని వాడుకలోకి తెచ్చింది; 1906లో బెర్లిన్‌లో జరిగిన సమావేశం అన్ని దేశాలకూ దాన్నే ఖాయం చేసింది; 1908 జూలై నుంచి అమలైంది. అక్షరాలు తరువాత గుర్తుకోసం తగిలించుకున్నవి. చేతిలో టార్చి ఒక్కటే ఉన్నా, ఇనుప గొట్టం మీద రాయితో కొట్టే వీలు మాత్రమే ఉన్నా పంపగలిగిన సంకేతం అది.

దానికంటే ముందు, ఓడల్లో రేడియోలు నడిపే మార్కోనీ కంపెనీ ఆపరేటర్లు 1904 నుంచి వాడుతూ వచ్చినది సీక్యూడీ. ‘అందరికీ’ అని పిలిచే సీక్యూకు ఆపదను తెలిపే డీ చేర్చారు. 1912 ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటాక టైటానిక్ నుంచి రేడియో ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ మొదట పంపింది సీక్యూడీనే. పక్కనే ఉన్న సహాయకుడు హెరాల్డ్ బ్రైడ్ కొత్తగా వచ్చిన ఎస్‌ఓఎస్‌ను కూడా పంపమన్నాడు. ఆ రాత్రి కథ అందరికీ తెలిసినదే అయినా, మా వృత్తిలోని వాళ్ళం దాన్ని తలచుకొనే తీరు వేరు. ఆ చుట్టుపక్కల కాలిఫోర్నియన్ అనే ఓడ మంచు కారణంగా ఆగి ఉంది. దాని ఏకైక రేడియో ఆపరేటర్ సిరిల్ ఎవాన్స్, పగలంతా పనిచేసి, టైటానిక్ మంచుకొండను ఢీకొట్టడానికి కొద్ది నిమిషాల ముందే యంత్రం ఆపేసి పడుకున్నాడు. అందులో అతని తప్పు ఏమీ లేదు. ఇరవైనాలుగు గంటలూ వినాలన్న నియమం అప్పటికి లేదు. మరోవైపు కార్పేథియా ఓడలో ఆపరేటర్ హెరాల్డ్ కాటమ్ కూడా పడుకోబోతూ, ఇంకా చెవులకు హెడ్‌ఫోన్లు తీయకుండా ఉండడం వల్ల ఆ పిలుపు విన్నాడు. ఏడువందల మందికి పైగా ప్రాణాలు దక్కింది ఆ చెవుల వల్లనే.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ కలతపెడుతుంది. టైటానిక్ పైనుంచి ఎనిమిది దాకా తెల్లని తారాజువ్వలు వదిలారు. కాలిఫోర్నియన్ మీద కాపలాలో ఉన్నవాళ్ళు వాటిని కళ్ళారా చూశారు. అయితే ఆ రోజుల్లో ఆపద జువ్వకు ఫలానా రంగే ఉండాలన్న కట్టుబాటు లేదు. కంపెనీలు తమ ఓడలను గుర్తుపట్టడానికి కూడా రంగురంగుల జువ్వలు వాడుకొనేవి. అవి ఏమిటో నిర్ధారించుకోవడానికి తమ ఆపరేటర్‌ను లేపాలన్న ఆలోచన వాళ్ళకు రాలేదు. ఇప్పుడు ప్రపంచమంతటా సముద్రం మీద ఎర్ర జువ్వ అంటే ఆపద అనే ఒకే అర్థం ఉన్నదంటే, ఒక సంకేతానికి పది అర్థాలు ఉండడం ఎంత ప్రమాదమో అనుభవించిన తరువాతనే.

ఆ దుర్ఘటన తరువాత ఏర్పడిన నియమాలలోనే నా ఉద్యోగజీవితమంతా గడిచింది. మా రేడియో గదిలో గోడమీద ఒక గడియారం ఉండేది. దాని తెల్లని పళ్ళెం మీద నాలుగుచోట్ల మూడేసి నిమిషాల వెడల్పున రంగు పూసి ఉండేది. పదిహేను నుంచి పద్దెనిమిదో నిమిషం వరకు, నలభై అయిదు నుంచి నలభై ఎనిమిది వరకు ఎరుపు. గంట కొట్టగానే మొదటి మూడు నిమిషాలు, అరగంట దాటాక మూడు నిమిషాలు ఆకుపచ్చ. పెద్దముల్లు ఎర్రని భాగంలోకి రాగానే, మోర్స్ పిలుపులు నడిచే 500 కిలోహెర్ట్జ్ తరంగం మీద ప్రపంచంలో ఏ ఓడా ఏ ఒడ్డూ తన సొంత మాట మాట్లాడకూడదు. అందరూ పంపడం ఆపి వినాలి. శక్తి తగ్గిన బ్యాటరీతో ఎక్కడో ఒక ఓడ సన్నగా పిలుస్తుంటే, ఆ రొదలో కలిసిపోకుండా అది వినిపించాలన్నదే దాని ఉద్దేశం. ఆకుపచ్చ భాగాలు మాటలు నడిచే 2182 కిలోహెర్ట్జ్‌వి. అప్పటిదాకా సంతలా ఉన్న హెడ్‌ఫోన్లలో ఒక్కసారిగా నిశ్శబ్దం కమ్ముకొనేది. ఎన్నో దేశాలవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, ఎవరో ఒకరు పిలుస్తారేమోనని గంటకు రెండుసార్లు తమ పని ఆపుకొని చెవి ఒగ్గి కూర్చునేవారు. అంతకంటే గొప్ప మర్యాద మనుషుల మధ్య మరొకచోట నేను చూడలేదు.

ఒకే ఆపరేటర్ ఉన్న ఓడలో అతను రోజుకు ఎనిమిది గంటలే వినగలడు. మిగతా సమయానికి ఆటో అలారం అనే పెట్టె ఉండేది. ఆపదలో ఉన్నవాడు ఎస్‌ఓఎస్‌కు ముందు, నాలుగు సెకన్ల గీత, ఒక సెకను విరామం చొప్పున నిమిషంలో పన్నెండు పొడుగు గీతలు పంపేవాడు. అవి వరసగా కొన్ని అందితే చాలు, ఆ పెట్టె నా గదిలోనూ, రేడియో గదిలోనూ, పైన ఓడను నడిపే బ్రిడ్జి మీదా గంటలు మోగించేది. సిరిల్ ఎవాన్స్ పడుకున్న గదిలో అటువంటి గంట ఒకటి ఉండి ఉంటే అని అనుకోని రేడియో ఆఫీసరు ఉండడు.

1986 వర్షాకాలంలో అరేబియా సముద్రంలో ఏడెన్ వైపు పోతుండగా ఒకరాత్రి ఆ గంట మోగింది. మెస్ బాయ్ కూడా లేచి వచ్చి “మార్కోనీ సాబ్, మార్కోనీ సాబ్” అని తలుపు బాదుతున్నాడు. భారతీయ ఓడల్లో మా ఉద్యోగానికి అదే పిలుపు. హెడ్‌ఫోన్లు పెట్టుకొనేసరికి ఒక చిన్న సరుకు ఓడ పిలుస్తోంది. లోపలి సరుకు ఒకవైపుకు జారి ఓడ ఒరిగిపోయిందని సందేశం. మోర్స్ కొట్టే ప్రతి మనిషికీ చేతిరాతలాగా ఒక తీరు ఉంటుంది. ఆ ఓడ ఆపరేటర్ చేయి వణుకుతున్నట్టు నాకు స్పష్టంగా తెలుస్తోంది. చుక్కలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, గీతలు పొట్టిగా తెగిపోతున్నాయి, ఒక అంకెను రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాడు. దగ్గరగా ఉన్న ఓడకు ముందుగా బదులిచ్చే అవకాశం ఇవ్వాలని నియమం కనుక, అతని స్థానం రాసుకొని బ్రిడ్జికి చెప్పి ఒక్క నిమిషం ఆగాను. మాకంటే బాగా దగ్గరలో ఉన్న ఒక ట్యాంకరు అతని ఓడ పిలుపు గుర్తును మూడుసార్లు, తన గుర్తును మూడుసార్లు కొట్టి, చివర మూడు ఆర్‌లు, ఒక ఎస్‌ఓఎస్ కొట్టింది. ఆర్ అంటే చుక్క, గీత, చుక్క. ‘అందింది’ అని దాని అర్థం.

ఆ తరువాత అతను పంపిన సందేశం చక్కగా ఉంది. ఓడ ఇంకా ఒరిగే ఉంది, గాలి తగ్గలేదు, ట్యాంకరు చేరుకోవడానికి గంటల సమయం పడుతుంది. బయట ఏదీ మారలేదు. అయినా అతని చుక్కలు చుక్కల్లాగా, గీతలు గీతల్లాగా విడివిడిగా, నిదానంగా వచ్చాయి. తెల్లవారాక అందరినీ ఎక్కించుకున్నామని ట్యాంకరు తెలిపింది. ఆపద సంకేతం అనగానే నాకు మొదట గుర్తుకు వచ్చేది, ఆ మూడు ఆర్‌లకు ముందూ తరువాతా అతని చేతిలో వచ్చిన ఆ మార్పు.

ఫ్రెంచి నౌకాదళం 1997 జనవరి 31న మోర్స్‌లో వినడం ఆపేసినప్పుడు, “అందరికీ పిలుపు. శాశ్వత మౌనానికి ముందు ఇది మా ఆఖరి కేక” అనే అర్థం వచ్చే సందేశం పంపింది. 1999 ఫిబ్రవరి 1 నుంచి ప్రపంచమంతటా కొత్త వ్యవస్థ పూర్తిగా అమలులోకి వచ్చింది. నాలాంటివాళ్ళ ఉద్యోగాలు దానితో పోయాయి. అయినా ఆ మార్పు మంచిదేనని నమ్ముతాను. ఇప్పుడు దగ్గరి ఓడలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియోలో మూతకింద ఉన్న ఎర్ర బటను కొన్ని సెకన్లు నొక్కిపడితే, ఓడ గుర్తింపు అంకెలు, స్థానం, సమయం వాటంతట అవే పోతాయి. ఓడ మునిగితే, నీటి ఒత్తిడికి దానంతట అదే విడివడి పైకి తేలి 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలకు కబురు పంపే బీకన్ ఉంటుంది. రెండు రోజులపాటు అది అలా పిలుస్తూనే ఉంటుంది. మనిషి మేలుకొని ఉన్నాడా లేదా అన్నదానితో పని లేకుండా చేశారు.

ఇక మన తీరం సంగతి. తుపాను వచ్చినప్పుడల్లా ‘ఓడరేవులో పదో నంబరు ప్రమాద సూచిక’ అని పేపర్లలో చదువుతుంటాం. అది ఒడ్డు నుంచి సముద్రం వైపుకు చేసే హెచ్చరిక. ఒకటి నుంచి పదకొండు వరకు ఉండే ఆ సూచికల్లో పదకొండోదానికి, తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. సముద్రం నుంచి ఒడ్డుకు వచ్చే పిలుపుకు మాత్రం మన వేట పడవల్లో చాలాకాలం ఏ ఏర్పాటూ లేదు. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపానులో, భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళనుంచి వేటకు పోయిన వందలాది మంది తిరిగి రాలేదు. వాళ్ళలో ఎంతమంది ఏమని కేకలు పెట్టారో, ఏ దిక్కుకు చేతులు ఊపారో వినడానికి ఎవరూ లేకపోయారు. నేను అప్పుడు ఓడలో ఉన్నాను. సెలవుకు కాకినాడ వచ్చినప్పుడు రేవులో విన్న మాటలు ఇప్పటికీ మరచిపోలేదు.

ఇస్రో తయారుచేసిన డాట్ అనే చిన్న యంత్రం 2010 నుంచి మన మత్స్యకారులకు అందుతోంది. మంట, బోటు మునక, మనిషి సముద్రంలో పడిపోవడం, వైద్యసాయం అనే వాటిలో తగినది నొక్కితే, బోటు ఉన్న చోటుతో సహా కబురు ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి చేరి, అక్కడినుంచి కోస్ట్ గార్డ్‌కు పోతుంది. మన తీరానికి చెన్నైలోని సహాయ సమన్వయ కేంద్రం దిక్కు. సెల్‌ఫోన్ సిగ్నల్ అందే చోట అయితే 1554 నంబరుకు చేస్తే నేరుగా కోస్ట్ గార్డ్ పలుకుతుంది. ఈ నంబరు బోటులో ప్రతి ఒక్కరి ఫోనులోనూ ఉండాలి. బోటు నడిపే సరంగు ఫోనులో మాత్రమే ఉంటే, నీళ్ళలో పడినవాడు సరంగే అయినప్పుడు అతని కింద పనిచేసే కలాసీలు ఏం చేస్తారు?

వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్యలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కనుక, నేను రేవుకు వెళ్ళి నాకు తెలిసినది చెబుతుంటాను. ఒకసారి ఒక బోటులో డాట్ ఎక్కడ ఉందని అడిగితే, ఉప్పుగాలికి పాడైపోతుందని యజమాని ఇంట్లో బీరువాలో పెట్టించాడని చెప్పారు. మరో బోటులో అది బియ్యం బస్తా వెనుక, పాలిథిన్ సంచిలో చుట్టి, తాడుతో నాలుగు ముడులు వేసి ఉంది. బోటు మునిగే వేళ ఆ ముడులు ఎవరు విప్పుతారు? వాళ్ళను కోప్పడలేకపోయాను. ప్రభుత్వం ఇచ్చిన విలువైన వస్తువు పాడుచేశారన్న మాట పడతామేమోనన్న భయం అది. పొరపాటున నొక్కితే జరిమానా వేస్తారేమోనని కూడా వాళ్ళకు బెంగ. పొరపాటున నొక్కినప్పుడు చేయవలసింది దాచిపెట్టడం కాదు. వెంటనే ఫోనులోనో రేడియోలోనో కోస్ట్ గార్డ్‌కు తెలిపి పిలుపు రద్దు చేయించడం. భయపడి యంత్రం ఆపేసి ఊరుకుంటే, లేని ఆపదకోసం ఓడలు వెతుకుతూనే ఉంటాయి. ఆ సమయంలో నిజంగా మునుగుతున్నవాడికి అవి దూరమైపోతాయి. ఒక దీపావళి రాత్రి ఒడ్డున ఎవరో గడువు తీరిన ఆపద జువ్వలను సరదాకు కాలుస్తుంటే వెళ్ళి బతిమాలి ఆపించాను. ఎర్ర వెలుగు చూసి ఉలిక్కిపడని కళ్ళు తయారైతే దానికి విలువ ఉండదు.

జువ్వల వాడకంలో కూడా తెలియవలసినవి ఉన్నాయి. పారాచూట్ జువ్వ మూడువందల మీటర్ల ఎత్తుకు పోయి నలభై సెకన్లు వెలుగుతుంది. చేతిలో పట్టుకొనే ఎర్ర కాగడా ఒక నిమిషం. నీటిమీద తేలే నారింజ రంగు పొగడబ్బా మూడు నిమిషాలు. అందుచేత చీకట్లో ఏమీ కనిపించనప్పుడు కంగారులో అన్నీ ఒకేసారి కాల్చివేయకూడదు. దూరంగా ఓడ దీపమో, విమానం చప్పుడో తెలిసినప్పుడు జువ్వ, వాళ్ళు దగ్గరయ్యాక చోటు చూపడానికి కాగడా, పగటిపూట పొగ. కాగడాను గాలివాలుకు, బోటు బయటికి చేయి చాచి పట్టుకోవాలి. ఇవేవీ లేకపోయినా రెండు చేతులూ పక్కలకు చాచి నిదానంగా పైకీ కిందికీ ఆడించడం అంతర్జాతీయ నిబంధనల్లో ఉన్న ఆపద సంకేతమే. గబగబా చెయ్యి ఊపితే ఓడవాళ్ళు పలకరింపు అనుకొని తిరిగి ఊపి వెళ్ళిపోయిన ఉదంతాలు ఓడల్లో విన్నాను. ఆ నిదానంలోనే తేడా ఉంది.

ఇంజను ఆగిపోయింది గాని బోటు మునగడం లేదు, ఒడ్డుకు కొట్టుకుపోయే భయమూ లేదు అన్నప్పుడు ‘మేడే’ వాడకూడదు. దానికి ‘ప్యాన్ ప్యాన్’ అని మూడుసార్లు పిలిచే వేరే సంకేతం ఉంది. అత్యవసరమే గాని ప్రాణాపాయం ఇంకా రాలేదని దాని అర్థం. అయితే మన సరంగుల్లో నేను చూసిన తప్పు ఎక్కువగా దీనికి వ్యతిరేక దిశలోనిది. ఇంజను బాగవుతుందేమో, గాలి తగ్గుతుందేమో, పక్క బోటువాడు వస్తాడేమో అని పొద్దంతా చూసి, చీకటి పడ్డాక, బ్యాటరీ నీరసించాక పిలుస్తారు. బిడియం కూడా ఒక కారణం. పదిమందిలో చేతగానివాడు అనిపించుకోవడం ఇష్టముండదు.

పిలిచినప్పుడు ఏం చెప్పాలన్నదాన్ని మాత్రం వాళ్ళచేత వల్లె వేయిస్తాను. మూడుసార్లు మేడే, మూడుసార్లు బోటు పేరు. తరువాత ఎక్కడ ఉన్నారు. ఏమైంది, ఎంతమంది ఉన్నారు అన్నవి ఆ తరువాతనే. ఎందుకంటే మాట ఏ క్షణాన తెగిపోయినా, చోటు తెలిసి ఉంటే వెతకవచ్చు. ‘అయ్యా, మేము చచ్చిపోతున్నాం, కాపాడండి’ అని అయిదు నిమిషాలు చెప్పి చోటు చెప్పకుండా ఆగిపోయిన పిలుపును పట్టుకొని ఎవరూ ఎక్కడికీ పోలేరు. జీపీఎస్‌లోని అంకెలు చదవడం అందరికీ రావాలి. కలాసీల్లో చదువురాని పెద్దవాళ్ళు కూడా రెండు పూటల్లో నేర్చుకున్నారు.

పోయిన వేట నిషేధంలో ఒక పెద్ద వయసు సరంగు అంతా విని, “నొక్కుతామండీ, నొక్కినాక అది పైకి ఎల్లిందో లేదో మాకెలా తెలుత్తాదండీ? సముద్రంలో ఎవరికో చీటీ రాసి పారేసినట్టే కదండీ” అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. మొదటి రకం డాట్‌లో కబురు పోవడమే గాని తిరిగి వచ్చేది ఏమీ లేదు. అప్పుడు అతనికి అరేబియా సముద్రంలోని ఆ రాత్రి గురించి, ట్యాంకరు కొట్టిన మూడు ఆర్‌ల గురించి చెప్పి, బోటు పలక మీద వేలితో చుక్క, గీత, చుక్క కొట్టి వినిపించాను. 2024లో ఇస్రో కొత్త రకం డాట్‌ను ప్రవేశపెట్టిందనీ, దానిలో నొక్కిన పిలుపు అందినట్టు కేంద్రం నుంచి మన ఉపగ్రహాల ద్వారానే తిరుగు కబురు వస్తుందనీ, బ్లూటూత్‌తో ఫోనుకు కలుపుకుంటే ఆ కబురును మన భాషలోనే చదువుకోవచ్చనీ, తుపాను హెచ్చరికలు కూడా దానిలోనే అందుతాయనీ వివరించాను.

అతను కాసేపు ఏమీ అనలేదు. తరువాత తన బొటనవేలి గోటితో పలక మీద మెల్లగా కొట్టి చూసుకున్నాడు. “అయితే అదీ మీ సుక్క, గీత, సుక్కేనన్నమాటండీ” అన్నాడు.